కాలి బొగ్గయిన ఏన్గెదీ చుట్టను విప్పకుండానే ఎలా చదివారు?

బొగ్గుముద్దలా ఉన్న ఏన్గెదీ తోలు గ్రంథపు చుట్టను విప్పకుండా ఎలా చదివారు, మిగతా పాత చుట్టలనూ అలాగే చదవొచ్చు కదా అని అడిగారు. ఎక్స్‌రే తీయగానే అక్షరాలు కనబడ్డాయని చాలామంది అనుకుంటారు. నిజానికి స్కానింగ్ ఇందులో చిన్న పని, అసలు శ్రమంతా ఆ తరువాతే.

మృత సముద్రం పడమటి ఒడ్డున ఏన్గెదీలో, 1970లో ఒక పాత సమాజమందిరాన్ని (యూదుల ప్రార్థనాలయాన్ని) తవ్వుతుంటే ఇది పవిత్ర మందసం, అంటే గ్రంథపు చుట్టలు దాచే పెట్టె, ఉండే చోట దొరికింది. క్రీ.శ. 600 ప్రాంతంలో ఆ మందిరం తగలబడింది. ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయే స్థితి కాబట్టి నలభై ఏళ్ళకు పైగా విప్పకుండా దాచి ఉంచారు. ఆ ఓపికే దాన్ని బతికించింది.

ఇజ్రాయెల్ పురావస్తు శాఖ దీన్ని మైక్రో సీటీలో (వస్తువు లోపలి పొరలను కూడా చూపే సూక్ష్మ ఎక్స్‌రే స్కాన్‌లో) 18 మైక్రాన్ల స్పష్టతతో స్కాన్ చేయించింది; మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ డేటా మీద కెంటకీ విశ్వవిద్యాలయంలో బ్రెంట్ సీల్స్ బృందం పనిచేసింది. ముందుగా, చుట్టలోని ఒక్కో పొర ఎటు పోతోందో స్కాన్‌లో వెంబడించి దాని ఉపరితలాన్ని గీయాలి. ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. కాలినప్పుడు పొరలు ఒకదానికొకటి అంటుకుంటాయి, ఆ చోట గీత పక్క పొరలోకి జారిపోతుంది. జారిందంటే రెండు వేర్వేరు చోట్ల అక్షరాలు ఒకే వరుసలో కలిసిపోతాయి. తరువాత ఆ ఉపరితలానికి ఇటూ అటూ కొద్ది మందంలో బాగా మెరిసే బిందువులను ఏరి దాని మీద పరుస్తారు. సిరా అలా పైకి తేలుతుంది. చివరగా వంకర తిరిగిన ఆ తలాన్ని సాగకుండా, ముడుచుకోకుండా చదును చేసి, ముక్కలను అతుకుతారు. సరిగ్గా చదును కాకపోతే అక్షరాల రూపమే మారిపోతుంది.

ఇంత చేసినా, సిరా తోలు కన్నా సాంద్రంగా లేకపోతే ఏమీ కనబడదు. ఏన్గెదీ సిరాలో లోహం ఉండి ఉంటుంది, అందుకే స్కాన్‌లో తెల్లగా మెరిసింది. మసితో చేసిన సిరా అయితే బొగ్గు మీద బొగ్గే, రెంటికీ సాంద్రతలో తేడా దాదాపు ఉండదు. అన్ని చుట్టలకూ ఈ పద్ధతి ఇంత సులువుగా పనిచేయకపోవడానికి పెద్ద కారణం ఇదే. మృత సముద్రం దగ్గరే కుమ్రాను గుహల్లో దొరికిన పాత చుట్టల ముక్కల్లో ఎక్కువ భాగం మసి సిరావే, కానీ అవి విప్పి ఉన్నవి. నల్లబడిన తోలు మీద కూడా పరారుణ కాంతిలో ఆ సిరా చక్కగా కనబడుతుంది. వాటి బాధ వేరు: 1950లలో ముక్కలను సెల్లోటేపుతో అతికించారు, ఆ జిగురు తోలులోకి ఇంకి నల్లబరిచింది. దాన్ని తొలగించడానికి ఏళ్ళు పట్టింది. ఇంట్లో పాత దస్తావేజులున్నవాళ్ళు దయచేసి టేపు వేయకండి.

ఏన్గెదీ చుట్టలో తేలింది బైబిలులోని లేవీయకాండము మొదటి రెండు అధ్యాయాల భాగం: 35 వరుసలు, అందులో 18 నిలిచినవి, మిగతా 17 పూరించినవి. అచ్చులు లేవు, హల్లులే. ఆ హల్లులు ఈనాటి హీబ్రూ బైబిలు పాఠంతో అచ్చంగా సరిపోయాయి.

కాలం మీద మాత్రం ఏకాభిప్రాయం లేదు. కార్బన్ పరీక్ష క్రీ.శ. 3–4 శతాబ్దాల నాటిదంటే, లిపి తీరును బట్టి క్రీ.శ. 1–2 శతాబ్దాల నాటిదన్నారు. నేను కార్బన్ వైపే మొగ్గుతాను. రెండో శతాబ్దం తరువాతి హీబ్రూ చేతిరాతలు, కాలం తెలిసినవి, పోల్చి చూడ్డానికి మరీ తక్కువ. పైగా ఇక్కడ పోలుస్తున్నది కంప్యూటర్లో చదును చేసిన అక్షరాలను.