చరిత్ర, ప్రకృతి, సముద్రతీరం మూడూ ఉన్న కరీబియన్ దీవి ఏది?

సెయింట్ లూసియాకు వెళ్లండి. ఆంగ్లేయులు, ఫ్రెంచివారి మధ్య 14 సార్లు చేతులు మారి, 1979లో స్వతంత్రమైన దీవి ఇది. ఉత్తరాన పిజన్ ఐలండ్ కోట తప్పక ఎక్కండి: 1782లో ఆంగ్లేయుల అడ్మిరల్ రాడ్నీ ఇక్కడి నుంచే పొరుగు దీవి మార్టినిక్‌లోని ఫ్రెంచి నౌకాదళంపై కన్నేసి ఉంచాడు.

నా మనసు మాత్రం నైరుతిన సూఫ్రియేర్ దగ్గరి పిటాన్ శిఖరాల మీదే. సముద్రపు అంచునే నిటారుగా 700 మీటర్లకు పైగా లేచిన ఆ జంట కొండలను చూస్తే మాట రాదు. 2004లో యునెస్కో వాటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో ఎత్తైన గ్రో పిటాన్ ఎక్కాలంటే గైడుతో పొద్దున్నే బయలుదేరండి. దగ్గర్లోనే గంధకపు బుగ్గలున్నాయి; అక్కడి వెచ్చని బురద ఒంటికి పూసుకుని స్నానం చేయవచ్చు. ఈతకు రెడ్యూట్ తీరం బాగుంటుంది. డిసెంబరు నుంచి ఏప్రిల్ వరకు వానలు తక్కువ.