షవర్ పార్టిషన్‌కి 48,000 పెట్టాలా?

ప్రశ్న: బరంపురంలో మాకు సొంత ఇల్లుంది. ఉన్నది ఒకటే బాత్రూం, 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు. ఎవరు స్నానం చేసినా కమోడ్ దాకా తడే. మా అత్తగారికి 74 ఏళ్ళు, ఈ ఏడాది రెండుసార్లు కాలు జారారు. షాపులో తలుపుతో సహా 10 మి.మీ. గాజు పార్టిషన్‌కి 48,000 చెప్పారు, వడ్డీ లేని వాయిదాల్లో కట్టుకోవచ్చట. అల్యూమినియం ఫ్రేములో అక్రిలిక్ షీటుకైతే 16,000. మేస్త్రి 14,000లో ఇటుక గోడ లేపేస్తానంటున్నాడు. మావారేమో కర్టెన్ చాలంటున్నారు. చేతిలో 30,000 ఉన్నాయి. నెలకు 3,000 చొప్పున 26 నెలలుగా కడుతున్న పోస్టాఫీసు ఆర్‌డీ మూసేసి గాజే పెట్టించమంటారా?

జవాబు: అమ్మా, ఆర్‌డీ జోలికి వెళ్ళకండి. వెళ్దామన్నా ఇప్పుడు కుదరదు. పోస్టాఫీసు ఆర్‌డీ అయిదేళ్ళది, మూడేళ్ళు నిండకుండా మూయనివ్వరు. ఆ తర్వాత ముందే మూసినా ఆర్‌డీ వడ్డీ రాదు, సేవింగ్స్ ఖాతాకిచ్చే 4 శాతమే లెక్కకడతారు. గాజు పెట్టించండి, కాకపోతే తలుపు లేకుండా. అప్పుడు మీ దగ్గరున్న 30,000 దాటాల్సిన పని పడదు.

తలుపు ఎందుకు వద్దంటున్నానంటే, ముందు మీ అత్తగారి కోసం. అంత ఇరుకు చోట తలుపు లోపలికి తెరుచుకుంటే, ఆవిడ లోపల పడినప్పుడు మీరు తోసుకుని వెళ్ళలేరు. బయటికి తెరుచుకుంటే కమోడ్‌కో వాష్ బేసిన్‌కో తగులుతుంది. పైగా 48,000లో పెద్ద వాటా తలుపుదే: దాని గాజు, బరువు మోసే కీళ్ళు, హ్యాండిల్, చుట్టూ రబ్బరు. ముందుగా పాడయ్యేవీ ఆ కీళ్ళు, రబ్బర్లే. 5 అడుగుల వెడల్పులో గోడ నుంచి రెండున్నర అడుగులు కదలని గాజు పలక పెట్టించి, మిగతా రెండున్నర అడుగులు దారిగా వదిలేయండి. షవర్ గాజు ఉన్న వైపుకి రావాలి. గాజు సగమైంది, కీళ్ళు పోయాయి కాబట్టి ధర సగానికి దిగాలి. దిగకపోతే ఇంకో షాపులో అడగండి.

కానీ డబ్బు తీసే ముందు ఒక పని చేయండి. స్నానం చేసే చోట ఒక బకెట్ నీళ్ళు గుమ్మరించి ఎటు పోతున్నాయో చూడండి. జాలీ వైపు కాకుండా కమోడ్ వైపు పారుతున్నాయంటే లోపం నేల వాటంలో ఉంది. అప్పుడు ఎంత ఖరీదైన గాజు పెట్టినా దాని అడుగు నుంచి నీళ్ళు వస్తూనే ఉంటాయి. అయిదడుగులకు ఒక అంగుళం చొప్పున వాటం ఇచ్చి, ఆ కాస్త నేలకీ జారని గరుకు టైల్స్ వేయించండి. గోడకు పట్టుకునే స్టీలు కడ్డీ ఒకటి బిగించండి. మీ అత్తగారిని పడకుండా కాపాడేవి ఈ రెండూ. గాజు పని నీళ్ళను ఆపడం వరకే. బడ్జెట్ కుదించాల్సి వస్తే గాజు ఆలస్యం చేయండి, కడ్డీ మాత్రం ఆపొద్దు.

గాజు టఫెన్డ్‌దే, అంటే వేడి చేసి గట్టిపరిచినదే అయి ఉండాలి. పగిలితే కత్తుల్లాంటి ముక్కలు కాకుండా చిన్న చిన్న పలుకులుగా రాలుతుంది. మందంగా ఉంటే చాలని మామూలు గాజు అంటగడితే తీసుకోకండి. మూలన చెరగని ముద్ర ఉందో లేదో చూడండి, ఐఎస్ 2553 ప్రమాణం ప్రకారం తయారైందని బిల్లులో రాయించండి. మీ పలకకి 10 మి.మీ. అక్కర్లేదు. రెండున్నర అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు ఉన్న 8 మి.మీ. పలకే సుమారు 30 కిలోలు తూగుతుంది. పై అంచు నుంచి గోడకు ఒక కడ్డీ ఇస్తే కదలకుండా నిలుస్తుంది.

ఇంకో సంగతి. టఫెన్డ్ గాజును తయారయ్యాక కోయలేరు, రంధ్రం వేయలేరు. అందుకే టైల్స్ పని పూర్తయ్యాకే కొలత తీయించాలి, అదీ షాపు మనిషి చేత. కొలత తప్పితే కొత్త గాజు వాళ్ళ ఖర్చే అని ముందుగా రాయించుకోండి. బిగించి, నీళ్ళు పోసి చూసేదాకా కొంత సొమ్ము మీ దగ్గరే ఉంచుకోండి.

గోపాలపూర్ సముద్రం దగ్గరే కాబట్టి స్టీలు గురించీ చెప్పాలి. ఉప్పుగాలి పేరు చెప్పి, తుప్పును ఎక్కువ తట్టుకునే 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అమ్మజూస్తారు. సముద్రపు ఒడ్డున ఉన్న ఇంటికైతే నేనూ అదే కొనమంటాను. పదిహేను కిలోమీటర్ల లోపలికి ఉన్న మీ ఊళ్ళో, బాత్రూం లోపల, మామూలు 304 రకం సరిపోతుంది. స్టీలును తినేసేది బాత్రూం కడిగే యాసిడ్. దాన్ని మానేసి, రోజూ స్నానం అయ్యాక రబ్బరు వైపర్‌తో గాజును ఒక్కసారి లాగేయండి. బోరు నీళ్ళ తెల్ల మరకలకు వెనిగర్ చాలు.

మేస్త్రి చెప్పిన గోడకు నాలుగున్నర అంగుళాల ఇటుక, రెండు పక్కలా ప్లాస్టరు, టైల్స్ కలిపితే అరడుగు చోటు పోతుంది, చీకటీ పడుతుంది. అక్రిలిక్ తేలిక, గాజంత సులువుగా పగలదు, కానీ పీచు తగిలితే గీతలు పడి మసకబారుతుంది. అయిదేళ్ళకోసారి మార్చారనుకుంటే పదేళ్ళకు 32,000. మీవారి కర్టెన్ అద్దె ఇంటికి సరైన జవాబే. సొంతింట్లో, అందులోనూ మన ఉక్కలో, బూజు పట్టిన కర్టెన్ కాళ్ళకు చుట్టుకుంటే పెద్దవాళ్ళకు ప్రమాదం. గాజు ఖర్చు ఇంకా బరువనిపిస్తే టెక్కలి వైపు నుంచి వచ్చే గ్రానైట్ పలక అడిగి చూడండి. 18 మి.మీ. పలకను గోడలో గాడి తీసి దించి, అంచులు గుండ్రంగా అరగదీయిస్తే స్టీలు సామాను బెడదే లేదు. వెలుతురు మాత్రం ఆపుతుంది.

వాయిదాల సంగతికొస్తే, వడ్డీ లేదంటారు గానీ కార్డు మీదైతే ప్రాసెసింగ్ ఫీజు, షాపు భరించినా బ్యాంకు లెక్కకట్టే వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీ నెత్తినే పడతాయి. రొక్కం ఇస్తే ఎంత తగ్గిస్తారని అడగండి. నేల తవ్వాక ఖర్చు పెరిగి 30,000 చాలకపోతే ఆర్‌డీ మీదే అప్పు తీసుకోండి. 12 వాయిదాలు కట్టినవాళ్ళకు జమ అయినదాంట్లో సగం దాకా ఇస్తారు. మీరు కట్టింది 78,000 కాబట్టి 39,000 వరకు వస్తుంది. వడ్డీ ఆర్‌డీ రేటుకన్నా 2 శాతం ఎక్కువ. మీది 6.7 శాతం ఖాతా అయితే 8.7.

ఒడిశా దాటి ఆంధ్రా వైపు ఇచ్ఛాపురంలో కొంటే పన్ను కలిసొస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. గాజు మీద జీఎస్టీ అక్కడా ఇక్కడా 18 శాతమే. రవాణాలో పగిలితే ఎవరు భరిస్తారో తేలాకే అక్కడ ఆర్డరివ్వండి.