భక్తిగీతాలే వాయించాలా?

ప్రశ్న: పెళ్లికి ముందు ఎనిమిదేళ్లు వీణ నేర్చుకున్నాను. మా ఇంటికి దగ్గర్లో వృద్ధాశ్రమం ఉంది. నెలకోసారి వెళ్లి వాయించాలని కోరిక. అన్నీ భక్తిగీతాలే ఎంచుకోవాలా? మీరు వయొలిన్‌తో చాలా ఆశ్రమాలకు వెళ్లారు కదా, చెప్పండి. – ఓ పాఠకురాలు, తెనాలి

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. అన్నమయ్య, రామదాసు కీర్తనలు వాళ్లకు ప్రాణం. కానీ వయసు పైబడితే దేవుడి పాటలు తప్ప ఇంకేమీ అక్కర్లేదనుకోవడం అన్యాయం. ఇవాళ ఎనభై అయిదు దాటిన మామ్మగారు 1955లో ‘మిస్సమ్మ’ వచ్చేనాటికి పదిహేను, పదహారేళ్ల పిల్ల. ఆ వయసులో విన్న పాట అంత తేలిగ్గా చెరిగిపోదు.

విజయవాడ శివార్లలో ఒక ఆశ్రమంలో త్యాగరాజ కృతి ముగించి ‘రావోయి చందమామ’ ఎత్తుకున్నాను. ‘మిస్సమ్మ’ సినిమాలో ఎ.ఎం.రాజా, పి.లీల పాడిన పాట. పల్లవి పూర్తి కాకుండానే మామ్మగార్లంతా అందుకున్నారు. పాట అయ్యాక కబుర్లు మొదలయ్యాయి. నేల టికెట్టు కొనుక్కుని చూసింది ఒకావిడ, ఎడ్లబండి కట్టించుకుని పక్క ఊరు వెళ్లి చూసింది ఇంకొకావిడ, అత్తగారికి గుడికని చెప్పి వెళ్లింది మరొకావిడ. నేను వయొలిన్ కమాను పక్కన పెట్టేసి వింటూ కూర్చున్నాను. నా లెక్కలో అదీ కచేరీలో భాగమే.

శ్రుతి, అంటే పాటకు ఆధారంగా పెట్టుకునే స్వరం ఎత్తు, చాలా ముఖ్యం. అంకె పెరిగేకొద్దీ గొంతు పైకెత్తాలి. ఒకప్పుడు ఐదు శ్రుతిలో పాడిన గొంతులు ఇప్పుడు నాలుగు కూడా అందుకోలేవు. మీ వీణ రెండున్నర, మూడు శ్రుతిలో ఉంటే వాళ్లు హాయిగా కలిసి పాడతారు. కాలప్రమాణం, అంటే పాట నడిచే వేగం, కాస్త తగ్గించండి. వయసుతో ముందు పోయేది సన్నని, హెచ్చు స్వరాల వినికిడి, అందుకే నేను తారస్థాయిలో, అంటే పై స్వరాల్లో, ఎక్కువసేపు ఉండను. చెవి మిషన్లు ముఖ్యంగా మాటల కోసం అమర్చినవి, పెద్ద మైకు పెడితే సంగీతం గీరుకున్నట్టు వినిపిస్తుంది. వీణ నాదం మెత్తన కాబట్టి చిన్న మైకు తక్కువ స్థాయిలో పెట్టుకుని, ఫ్యాన్ల వేగం తగ్గించమని అడిగి, వాళ్ల కుర్చీల మధ్యనే కూర్చోండి. వేదిక వద్దు.

పెద్దవాళ్లే కదా, ఎలా వాయించినా సరిపోతుందని మాత్రం అనుకోకండి. విజయనగరం నుంచి వచ్చిన ఒక మామ్మగారు ఉండేవారు. 1919లో మొదలైన అక్కడి సంగీత కళాశాల, అందులో వయొలిన్ చెప్పిన ద్వారం వెంకటస్వామినాయుడు గారి పేరు ఆవిడ నోట తరచూ వినిపించేవి. మంచంమీద కూర్చునే వేళ్లతో తాళం లెక్కపెట్టేవారు. ఏడు లెక్కల మిశ్రచాపు తాళంలో నా నడక కాస్త తడబడితే చాలు, తలెత్తి చూసేవారు. సభకు ఎలా సాధన చేస్తారో అక్కడికీ అలాగే చేసి వెళ్లండి.

ముప్పావుగంట చాలు. సాయంత్రం టీ అయ్యాక, భోజనాల వేళకు ముందు పెట్టుకోండి. ఒకటి మాత్రం మరీ మరీ చెబుతున్నాను. రెండో ఆదివారం వస్తానంటే ఆ రోజు పొద్దున్నుంచే ఎదురుచూస్తారు. కుదరకపోతే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి, ఆయాకో మేనేజరుకో కాదు, వాళ్లలో ఒకరితోనే మాట్లాడి చెప్పండి.