ఇరవై జ్యూక్‌బాక్సుల కోసం ఇంటావిడ బంగారం తాకట్టు పెట్టనా?

ప్రశ్న: నాకు 51 ఏళ్లండి. పాలకొల్లు దగ్గర పల్లెటూళ్లో వడ్రంగం పని. బయట తలుపులు, కిటికీల పనికి వెళితే రోజుకు వెయ్యి వస్తుంది. మా అబ్బాయి సాయంతో బల్ల మీద పెట్టుకునే జ్యూక్‌బాక్స్ (బటన్ నొక్కితే పాటలు పాడే పెట్టె) ఒకటి సొంతంగా చేశాను. సామానుకు 14,400 అయింది. చూసినవాళ్లు మాకూ కావాలంటున్నారు. ఇప్పుడు చెయ్యి తిరిగింది కాబట్టి ఎనిమిది రోజులకు ఒకటి చేయగలను. 18,000కు అమ్మితే 3,600 మిగులుతుంది. సంక్రాంతికి 20 చేద్దామని, మా ఆవిడ బంగారం మీద 12 శాతం వడ్డీకి 3 లక్షలు తేవాలనుకుంటున్నాను. పోస్టాఫీసులో 1,20,000 ఉంది. అమ్మాయి బీటెక్ రెండో ఏడు. బంగారం పెట్టవచ్చా?

జవాబు: మేస్త్రిగారూ, మీరు పంపిన ఫొటో పెద్దది చేసుకుని చాలాసేపు చూశాను. 1946లో అమెరికాలో వచ్చిన వర్లిట్జర్ 1015 అనే జ్యూక్‌బాక్స్ పోలికలు అచ్చంగా దించారు. పైన కమాను, రెండు పక్కలా వెలిగే గొట్టాలు. కమాను దగ్గర ఫ్లెక్సీ ప్లై (వంగే ప్లైవుడ్) వంచిన చోట అతుకు ఎక్కడుందో నాకు దొరకలేదు. ఇలాంటి పనికి కొనేవాళ్లు ఉంటారనే నా నమ్మకం. బంగారం మాత్రం బీరువాలోంచి తీయకండి.

కారణం మీ లెక్కలోనే ఉంది. ప్లై, అక్రిలిక్ షీటు, ఎల్‌ఈడీ పట్టీ, పాటలు నడిపే చిన్న కంప్యూటరైన రాస్ప్‌బెర్రీ పై బోర్డు, మెమరీ కార్డు, ఆంప్లిఫయరు, స్పీకర్లు, బటన్లు, పాలిష్, ఆఖరికి మేకుల డబ్బు కూడా రాశారు. మీ కూలి రాయలేదు. ఇరవై పెట్టెలంటే 160 రోజుల పని. వాటి మీద మిగిలేది 72,000. అప్పు ఏడాది ఉంటే వడ్డీ 36,000 పోతుంది. మిగతా 36,000ను 160 రోజులకు పంచండి. రోజుకు 225 రూపాయలు! ఇరవైకి ఇరవై అమ్ముడుపోతేనే ఆ మాత్రమైనా. బయటి పనికి వెళితే అవే రోజులకు 1,60,000 వస్తుంది కదండీ.

అమ్ముడుపోని సరుకు సంగతి నేను దగ్గర నుంచి చూశాను. మా పెద్దమ్మ కొడుకు రాజోలులో ఇలాగే ఒక్కసారి పదిహేను టీవీ స్టాండ్లు ఎండీఎఫ్‌తో (చెక్కపొడి అదిమి చేసే పలకతో) చేయించి పెట్టాడు. వానాకాలం చెమ్మకు అడుగు అంచులు అటుకుల్లా ఉబ్బిపోయాయి. మీరు ప్లై వాడారు, మంచి పని చేశారు. కానీ లోపలి సామాను కూడా ఎదురుచూస్తూ కూర్చోదు. బోర్డుల కొత్త మోడళ్లు వస్తుంటాయి, ధరలు మారుతుంటాయి. అందుకే ఆర్డరు వచ్చాకే బోర్డు కొనండి.

మీ అసలు బలం రోజులు తగ్గించుకోవడంలో ఉంది. కమానుకు, ముందు పలకకు ఒక ఫర్మా (కొలత అచ్చు) చేసి పెట్టుకుని, మూడు పెట్టెల ముక్కలు ఒకేసారి కోసుకుంటే ఐదు రోజులకు దిగవచ్చని మీలాంటి పనివాళ్లే నాకు చెప్పారు. అప్పుడు సామాను 14,400, మీ కూలి 5,000, రిపేరు కోసం పక్కన పెట్టేది 1,000. మొత్తం 20,400. 24,000 చెప్పండి. మీరు ఆశపడ్డ ఆ 3,600, కూలి పోగా మిగులుతుంది. 24,000 ఎవరిస్తారని అనుకోకండి. పండక్కి హైదరాబాదు నుంచి, విదేశాల నుంచి వచ్చేవాళ్లకు కార్తీకంలోనే ఫొటో పంపి, 15,000 అడ్వాన్సు పడ్డాకే ప్లై మీద రంపం పెట్టండి. ఆ అడ్వాన్సులో సామాను వచ్చేస్తుంది. ముగ్గురే ఇస్తే మూడే చేయండి.

రిపేరు డబ్బు ఎందుకంటే, మన వైపు కరెంటు పోయి వస్తుంటుంది. బోర్డును సరిగా ఆపకుండా కరెంటు పోతే మెమరీ కార్డులో ఫైళ్లు చెడిపోతాయి. కార్డులో కొత్తగా ఏమీ సేవ్ కాకుండా నడిచేలా మీ అబ్బాయి చేత సెట్ చేయించండి, ఆపడానికి విడిగా ఓ బటన్ పెట్టండి. లేకపోతే ఒక్కో ఫోనుకీ భీమవరం వెళ్లి రావాల్సి వస్తుంది.

పాటలు నింపి అమ్ముదామని కూడా మీ ఉత్తరం చివర్లో రాశారు. అది వద్దండి. మన చట్టంలో రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. రాసినవారి హక్కు వారి తర్వాత కూడా 60 ఏళ్లు. పాతపాట కదా అని వదిలేయరు. ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా ఉంటుంది. ఖాళీ పెట్టె ఇవ్వండి, కొన్నవాళ్లు తాము కొనుక్కున్న పాటలు వేసుకుంటారు.

చెక్కలో గాడులు తీసే రూటర్ మిషను లాంటి పనిముట్లు కావాలంటే ముందు చేతివృత్తులవాళ్ల కోసం ఉన్న కేంద్ర ప్రభుత్వ పథకం పీఎం విశ్వకర్మ చూడండి. వడ్రంగం అందులోని 18 వృత్తుల్లో ఒకటి. శిక్షణతో పాటు పనిముట్లకు 15,000 వోచరు, 5 శాతం వడ్డీకి 18 నెలల్లో తీర్చేలా తొలి విడత లక్ష దాకా అప్పు ఉంటాయి. లక్ష తీసుకుంటే నెలకు దాదాపు 5,800 కట్టాలి. ఇంట్లో ప్రభుత్వోద్యోగి ఉన్నా, ముద్ర లోను ఇంకా తీర్చకుండా ఉన్నా రాదు. కామన్ సర్వీస్ సెంటర్‌లో ఆధార్ చూపించి అడగండి. లక్షా తీసుకోనక్కర్లేదు, మిషనుకు ఎంతో అంతే.

పోస్టాఫీసు డబ్బు అమ్మాయి ఫీజుది. దాన్ని కదపకండి.

ఇంకొకటి. మొదటి పెట్టెను ఎవరెంత ఇస్తానన్నా అమ్మకండి, ఆర్డర్లు తెచ్చేది అదే. ఫొటోలో ఎడమ పక్క కింద బీడింగు (అంచు బద్ద) కాస్త లేచినట్టు కనపడుతోంది. ఎవరికైనా చూపించే ముందు ఫెవికాల్ పెట్టి, రాత్రంతా క్లాంపు బిగించి ఉంచండి.