బటర్‌ఫీల్డ్ బ్లూస్ బ్యాండ్ మొదటి ఆల్బమ్‌కి అంత పేరెందుకు? ఎలా వింటే తెలుస్తుంది?

మీ ప్రశ్న ఇది: 1965లో వచ్చిన పాల్ బటర్‌ఫీల్డ్ బ్లూస్ బ్యాండ్ తొలి ఆల్బమ్‌ని విమర్శకులంతా ఆకాశానికెత్తుతారు, వింటే మాత్రం పాత పాటల్ని ఇంకాస్త గట్టిగా వాయించినట్టే ఉంది, మరి నాకు అందనిదేమిటి అని. మీ చెవిలో లోపమేమీ లేదు. ఆ మెప్పులో సగం రికార్డుది కాదు, దాని వెంట వచ్చిన కథది. మిగతా సగం నిజంగా వాయిద్యానిదే. కాకపోతే అందరూ వెతికినట్టు గిటార్ సోలోల్లో వెతికితే దొరకదు. డ్రమ్స్, బేస్, హార్మోనికాల దగ్గర వెతకాలి.

ముందు కథ సంగతి తేల్చేద్దాం. ఎలెక్ట్రా కంపెనీ ఈ రికార్డు వేసేనాటికి అమెరికాలో రాక్ విమర్శ అనేదే సరిగా పుట్టలేదు. క్రాడాడీ పత్రిక 1966లో మొదలైంది, రోలింగ్ స్టోన్ 1967లో. బిల్‌బోర్డ్ చార్టులో ఈ ఆల్బమ్ 123వ స్థానం దాటి పైకి పోలేదు. కాబట్టి ఇప్పుడు మనం చదివే పొగడ్తల్లో చాలావరకు ఏళ్లు గడిచాక వెనక్కి తిరిగి చూసి రాసినవే. రోలింగ్ స్టోన్ 2003లో వేసిన 500 గొప్ప ఆల్బమ్‌ల జాబితాలో దీనికి చోటు దొరికింది, 2015లో బ్యాండ్ మొత్తం రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరింది. వెనక్కి చూసేవాళ్లకి పాటకన్నా ముందు చరిత్ర కనిపించడం సహజం. నల్లజాతీయులూ తెల్లవాళ్లూ కలిసి వాయించిన షికాగో బ్యాండ్ అది, నాయకుడు బటర్‌ఫీల్డ్ పాడుతూ హార్మోనికా వాయించేవాడు. ఆ ఏడాది జులైలో న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్‌లో బాబ్ డిలన్ ఎలక్ట్రిక్ గిటార్‌తో వేదికెక్కినప్పుడు వెనక వాయించినవాళ్లలో ముగ్గురు, అంటే గిటారిస్టు మైక్ బ్లూమ్‌ఫీల్డ్, జెరోమ్ ఆర్నాల్డ్, శామ్ లే, ఈ బ్యాండ్‌వాళ్లే. ఇంత సరుకు దొరికాక ఏ విమర్శకుడైనా వదులుతాడా?

నాకు నచ్చని పొగడ్త ఒకటుంది: తెల్లకుర్రాళ్లు అచ్చమైన బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ల పాట బాణీ) వాయించారు అనేది. తాళం నడిపిన ఇద్దరూ, అంటే బేస్ వాయించిన ఆర్నాల్డ్, డ్రమ్స్ వాయించిన శామ్ లే, అంతకుముందు షికాగో బ్లూస్ గాయకుడు హౌలిన్ వుల్ఫ్ దగ్గర వాయించిన నల్లజాతి కళాకారులు. పునాది వాళ్లది. పైగా బటర్‌ఫీల్డ్ హార్మోనికాకు ఒరవడి పెట్టిన లిటిల్ వాల్టర్ అప్పటికి షికాగోలోనే బతికి ఉన్నాడు, 1968లో పోయాడు. ఆయన పేరెత్తకుండా ఈ రికార్డుని మెచ్చుకునే సమీక్షని నేను సగమే నమ్ముతాను.

ఇక వినడం. మన తాళం లెక్క తెలిసినవాళ్లకి బ్లూస్ చట్రం చిటికెలో అర్థమవుతుంది. పన్నెండు బార్లు, ఒక్కో బార్‌కి నాలుగు దెబ్బలు, మొత్తం 48. అంటే ఆది తాళం ఆరు ఆవర్తనాలు. మొదటి రెండు ఆవర్తనాలు సా మీద కట్టిన కార్డ్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపు), మూడోది మా మీద, నాలుగోది మళ్లీ సా. అయిదో ఆవర్తనంలో సగం పా, సగం మా. ఆరోది సా మీదికొచ్చి నిలుస్తుంది, మళ్లీ మొదలు. ఈ మార్పులు చిన్నచిన్నగా మారొచ్చు గానీ నడక ఇదే. 'లాస్ట్ నైట్' పెట్టుకుని చేత్తో తాళం వేయండి, రెండో చరణానికల్లా పట్టు దొరుకుతుంది. 'మెలో డౌన్ ఈజీ', 'మిస్టరీ ట్రైన్' మాత్రం ఈ లెక్కకు లొంగవు, వాటితో మొదలుపెడితే తికమక పడతారు.

దెబ్బ లోపలి నడక షఫుల్. తిశ్ర గతిలో 'త కి ట' అనుకోండి. 'త' మీద, 'ట' మీద దెబ్బ పడుతుంది, 'కి' ఖాళీ. మామూలు డ్రమ్మర్ ఈ నడకని కుడిచేత్తో సింబల్ మీద నడిపి, ఎడమచేత్తో స్నేర్ డ్రమ్ మీద బార్‌లో రెండో, నాలుగో దెబ్బలు మాత్రం కొడతాడు. శామ్ లే డబుల్ షఫుల్‌కి పేరు. అందులో ఎడమచెయ్యి కూడా షఫుల్ వాయిస్తుంది, పైగా రెండో, నాలుగో దెబ్బల మీద బరువు తగ్గదు. చర్చిలో జనం చప్పట్లు కొట్టే తీరు నుంచి ఇది వచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. కాపీ కొట్టబోయే బ్యాండ్లు చెడేది ఇక్కడే. వేగం పెంచగానే 'త', 'ట'ల మధ్య ఖాళీ సమానమైపోయి పాట రాక్ అయి కూర్చుంటుంది. 'షేక్ యువర్ మనీ మేకర్' ఎంత వేగంగా పోయినా ఆ ఊపు చెడదు. ఆ పాట ఒకసారి గిటార్‌ని పూర్తిగా పక్కనపెట్టి డ్రమ్స్, బేస్ మాత్రమే పట్టించుకుని వినండి. ఈ ఆల్బమ్‌కి నేను వేసే మార్కుల్లో పెద్ద వాటా దానికే.

'గాట్ మై మోజో వర్కింగ్' పాడింది కూడా ఈ శామ్ లే గారే. బటర్‌ఫీల్డ్ గొంతు కాదు కదా అని దాన్ని దాటేయొద్దు.

హార్మోనికా దగ్గర కొంచెంసేపు ఆగాలి. పది రంధ్రాల మామూలు హార్మోనికాని బ్లూస్‌వాళ్లు దాని సొంత శ్రుతిలో వాయించరు. సి హార్మోనికా పట్టుకుని జి శ్రుతిలో వాయిస్తారు. ఎందుకంటే అలా చేస్తే కీలకమైన స్వరాలన్నీ గాలి లోపలికి పీల్చేవైపు పడతాయి. రెండో రంధ్రం పీలిస్తే సా, మూడోది అంతర గాంధారం, నాలుగోది పా, అయిదోది కైశికి నిషాదం. పీల్చేటప్పుడు నాలుక, గొంతు ఆకారం మారిస్తే స్వరం కిందికి వంగుతుంది. మూడో రంధ్రంలో అంతర గాంధారాన్ని సాధారణ గాంధారం వైపు వంచి, పూర్తిగా చేరనివ్వకుండా మధ్యలో ఆపితే వచ్చేదే బ్లూస్ గాంధారం. గమకం విన్న చెవికి ఇది కొత్త కాదు. చాలామంది ఊపిరి బలంతో వంచాలని చూస్తారు, దాంతో రీడ్ (గాలికి కదిలి పలికే లోహపు రేకు) బిగుసుకుపోయి పలకదు. గాలి తక్కువ, నోటి ఆకారం ఎక్కువ అనేది అక్కడి సూత్రం.

ఆ మందపాటి, సాక్సోఫోన్ లాంటి నాదం మైకుది. మైకునీ హార్మోనికానీ కలిపి అరచేతుల్లో గాలి పోకుండా మూసి, వాల్వ్ ఆంప్లిఫయర్‌లోకి పంపి, నాదం కాస్త చిట్లేదాకా పెంచుతారు. వేళ్ల మధ్య సందు ఉంటే కింది స్వరాల నిండుదనం పోతుంది. మూసిన చేతులకి గెయిన్ (మైకు శబ్దాన్ని ఆంప్ పెంచే మోతాదు) మరీ పెంచితే కూత మొదలవుతుంది. అప్పుడు వాల్యూమ్ కన్నా ముందు ట్రెబుల్ తగ్గించి, ఆంప్‌కి దూరంగా జరగాలి. ఈ పద్ధతిని లిటిల్ వాల్టర్ 1950ల మొదట్లోనే ఒక కళగా మలిచాడు. 'బ్లూస్ విత్ ఎ ఫీలింగ్', 'లాస్ట్ నైట్' ఆయన ముందే రికార్డు చేసినవే, 'మెలో డౌన్ ఈజీ' విల్లీ డిక్సన్ రాస్తే ఆయన రికార్డు చేసినది. ముందు ఆయనవి విని వెంటనే ఇవి వినండి. వాల్టర్ పదబంధానికీ పదబంధానికీ మధ్య ఖాళీ వదిలి, దెబ్బకి కాస్త వెనకగా వాలతాడు. బటర్‌ఫీల్డ్ ఆ ఖాళీల్ని నింపుతూ దెబ్బని ముందుకు తోస్తాడు. అప్పటికి అతని వయసు 22. ఆ తొందరని కొందరు శక్తి అన్నారు, నాకు కొన్నిచోట్ల తొందరగానే వినిపిస్తుంది. నెమ్మది పాటల్లో వాల్టరే మేలు, వేగం పాటల్లో బటర్‌ఫీల్డ్‌ది ఇంకో రకం అందం.

బ్లూమ్‌ఫీల్డ్ గిటార్ గురించి ఎంతోమంది రాశారు కాబట్టి ఒక్కటే చెబుతాను: సోలోలకన్నా 'షేక్ యువర్ మనీ మేకర్'లో స్లయిడ్ (తీగల మీద గొట్టం జరుపుతూ వాయించడం) వినండి, తర్వాత 1961 నాటి ఎల్మోర్ జేమ్స్ అసలు పాట వినండి. ఎల్విన్ బిషప్ ఈ బ్యాండ్‌లో లీడ్ గిటార్ వాయించేవాడు, బ్లూమ్‌ఫీల్డ్ రాకతో రిథమ్‌కి మారాడు. ఆ వెనక గిటార్ లేకపోతే పాటలు బోలుగా ఉండేవి.

లోపాలూ ఉన్నాయి, సమీక్షలు వాటిని మెల్లగా దాటేస్తాయి. బటర్‌ఫీల్డ్ గొంతు ఇంకా సన్నం. సొంత పాటలు తక్కువ. మొదటి పాట 'బార్న్ ఇన్ షికాగో' కూడా బ్యాండ్‌వాళ్లది కాదు, వాళ్ల స్నేహితుడు నిక్ గ్రావెనైటిస్ రాసింది. వాయిద్య పాటల్లో 'స్క్రీమిన్' బాగా నిలిచింది, 'థాంక్యూ మిస్టర్ పూబా' సరదా జామింగ్ అంతే, అయినా అందులో మార్క్ నాఫ్టలిన్ ఆర్గన్ వినాల్సిందే. ఆయన రికార్డింగ్ నడుస్తుండగా వచ్చి కలిసినవాడు.

విమర్శకుల మాట ఎంతవరకు నిజమో మీ చెవితోనే తేల్చుకునే దారి ఒకటుంది. నిర్మాత పాల్ రాత్‌చైల్డ్ ఈ ఆల్బమ్‌ని మూడో ప్రయత్నంలో గానీ సరే అనలేదు. మొదటి స్టూడియో రికార్డింగ్ పక్కనపెట్టారు, న్యూయార్క్‌లోని కెఫే ఔ గో గోలో లైవ్‌గా తీసిందీ పక్కనపెట్టారు. 1965 సెప్టెంబరులో చేసిన మూడోదే బయటికొచ్చింది. ఆ మొదటిది 'ది ఒరిజినల్ లాస్ట్ ఎలెక్ట్రా సెషన్స్' పేరుతో 1995లో వచ్చింది. 'అవర్ లవ్ ఈజ్ డ్రిఫ్టింగ్', 'మెలో డౌన్ ఈజీ' రెండింట్లోనూ ఉన్నాయి. పక్కపక్కన పెట్టి వింటే ఏం మారిందో తెలుస్తుంది: పాత దాంట్లో హార్మోనికాకి బ్యాండ్ తోడు వాయిస్తోంది, కొత్త దాంట్లో అందరూ ఒకరినొకరు తరుముతున్నారు.

ఫోన్ స్పీకర్లో మాత్రం వినొద్దు. బేస్ పోతుంది, హార్మోనికా గీసినట్టు మిగులుతుంది, మీకు కలిగిన అభిప్రాయానికి సగం కారణం అదే కావచ్చు. హెడ్‌ఫోన్స్ చాలు. ఈ రికార్డుని వీలైనంత గట్టిగా పెట్టుకోమని అట్ట వెనకే అచ్చువేశారు, అది గొప్పకి రాసింది కాదు. పాత ఎల్పీ దొరికితే అట్ట మీది నంబరు చూడండి: ఈకేఎల్ 294 మోనో, ఈకేఎస్ 7294 స్టీరియో.

ఇవన్నీ అయ్యాక 1966లో వచ్చిన రెండో ఆల్బమ్ 'ఈస్ట్ వెస్ట్'కి వెళ్లండి. దాని పేరుపాట సుమారు 13 నిమిషాలు, బ్లూమ్‌ఫీల్డ్ హిందుస్తానీ రాగాల మీద మోజుతో కట్టింది. రాగం తెలిసినవాళ్లకి అందులో రాగం కన్నా శ్రుతి మీద నిలబడే పద్ధతే ఎక్కువ కనిపిస్తుంది. అప్పటికి డ్రమ్స్ దగ్గర శామ్ లే లేడు, బిల్లీ డావెన్‌పోర్ట్ వచ్చాడు. తాళం నడకలో ఆ తేడా మొదటి నిమిషంలోనే తెలిసిపోతుంది.