చైనా వలసవాదులా, వలసదారులా, ప్రవాసులా?

సందేహం: పూర్వం థాయ్‌లాండ్ చేరి స్థిరపడిన చైనా వర్తకుల గురించి ఒక వ్యాసాన్ని తెలుగు చేస్తున్నాను. ‘చైనా వలసవాదులు’ అని రాస్తే స్నేహితురాలు తప్పంది, ‘ప్రవాస చైనీయులు’ అనమంది. ఏది వాడాలి? ఆ దేశాన్ని సయాం అనాలా, థాయ్‌లాండ్ అనాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: ‘వలసవాదులు’ మాత్రం వెంటనే కొట్టేయండి. తెలుగులో వలసవాదం అంటే ఒక దేశం ఇంకో దేశాన్ని ఆక్రమించి ఏలడం. బ్రిటిషువాళ్ళు, ఫ్రెంచివాళ్ళు వలసవాదులు. సయాం వెళ్ళిన చైనీయుల వెనక సైన్యమూ లేదు, వాళ్ళ చక్రవర్తి అండా లేదు. పైగా అప్పట్లో చైనాను ఏలిన మింగ్ వంశపు ప్రభుత్వం తన ప్రజలు సొంతంగా సముద్ర వ్యాపారం చేయడాన్నే నిషేధించింది, 1567లో గానీ ఆ కట్టు సడలలేదు. సముద్రం దాటితేనే నేరమైన కాలంలో బయల్దేరిన వాళ్ళను వలసవాదులనడం అన్యాయం.

మరి ఏమనాలి? మీ స్నేహితురాలి మాటా అన్నిచోట్లా అతకదు. ఎవరి గురించి, ఏ కాలం గురించి చెబుతున్నారో చూసుకోవాలి. మింగ్ చరిత్రలో షియె వెన్‌బిన్ అనే ఆయన కథ ఉంది. ఊరు ఫూజియన్ రాష్ట్రంలోని తింగ్‌జౌ. ఉప్పు అమ్ముకోవడానికి సముద్రం మీదికి వెళ్తే గాలివానకు ఓడ సయాం కొట్టుకుపోయింది. అక్కడే ఉండిపోయి రాజు కొలువులో పెద్ద ఉద్యోగి అయ్యాడు. 1477లో సయాం రాయబారిగా, సయామీ పేరుతో, కప్పం కానుకలు పట్టుకుని మళ్ళీ చైనాకే వచ్చాడు. నాన్‌జింగ్‌లో అన్నదమ్ముల కొడుకు ఒకడు చూసి గుర్తుపట్టాడు, ఈయనేమో నిషేధం ఉన్న పూల పట్టు నేయించి వ్యాపారం చేయబోయి దొరికిపోయాడు. ఈయన వలస పోదామని బయల్దేరనే లేదు. ఇలాంటివాళ్ళ విషయంలో ‘సయాంలో స్థిరపడిన చైనా వర్తకుడు’ అని విడమరిచి రాయడమే నయం, ఒక్క మాటలో ఇరికించాలని చూడకండి.

సయాంలోని అయుత్థయ రాజ్యంలో (1351–1767) ఇలాంటివాళ్ళు చాలామందే ఉన్నారు. చైనాకు వెళ్ళే రాజుగారి ఓడల్ని నడిపింది ఎక్కువగా చైనీయులే, రాయబారులతో దుబాసీలుగా వెళ్ళిందీ వాళ్ళే. రేవు వ్యవహారాలు చూడటానికి రాజు రెండు శాఖలు పెట్టాడు. ఎడమ శాఖ చైనా, తూర్పు వ్యాపారం చూసేది, దాని అధికారి చైనీయుడు. కుడి శాఖ పడమటి సముద్రం వైపు వ్యాపారం చూసేది, దాని అధికారి ముస్లిం. మన మచిలీపట్నం అద్దకపు బట్టలు నేటి మయన్మార్‌లోని మెర్గుయీ, తెనాసరిం మీదుగా అయుత్థయ చేరేవి కాబట్టి అవి ఈ కుడి వైపు లెక్కలోకి వస్తాయి. ఎడమ శాఖ అధికారి బిరుదులో ‘రాచసేట్ఠీ’ అని ఉంటుంది. అది మన రాజశ్రేష్ఠే. శ్రేష్ఠి ప్రాకృతంలో ‘సెట్ఠి’ అయి మనకు శెట్టిగా మిగిలింది, అక్కడ ఓ చైనా వర్తకుడి బిరుదులో కూర్చుంది. మీ వ్యాసంలో ఆ బిరుదు వస్తే ‘రాజశ్రేష్ఠి’ అని నిశ్చింతగా రాయండి, తెలుగువాళ్ళకు ఇట్టే తెలుస్తుంది.

1782లో రాజధాని నదికి అవతలి ఒడ్డునున్న థోన్‌బురి నుంచి బ్యాంకాక్ వైపు మారినప్పుడు కోట కట్టాలనుకున్న చోట ఉన్నది ఈ రాజశ్రేష్ఠీ, ఆయన మనుషులూనే. వాళ్ళను అక్కడి నుంచి లేపి కాస్త దిగువన సాంపెంగ్‌కు పంపారు, ఈనాటికీ బ్యాంకాక్ చైనా బజారు ఆ ప్రాంతమే. అప్పటి నుంచి ఓడల్లో కూలీలుగా, చెరుకు తోటల పనివాళ్ళుగా, చిల్లర వ్యాపారులుగా వచ్చినవాళ్ళకు ‘వలసదారులు’, ‘వలస కూలీలు’ బాగా సరిపోతాయి. కొందరు ‘వలస’కు ఫారసీ ‘దారు’ తగిలించడం అపభ్రంశమంటారు. నేను ఒప్పుకోను, వాటాదారు, పెట్టుబడిదారు లేవా?

వీళ్ళలో డబ్బు ఇంటికి పంపుతూ, ఎప్పటికైనా సొంతూరు పోదామనుకున్నవాళ్ళకు ‘ప్రవాసులు’ చెల్లుతుంది. ప్రవాసాంధ్రులు అన్నప్పుడు మన మనసులో ఉండేదీ ఆ సొంతూరి బంధమే కదా. పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఆ మాట పనికిరాదు. అక్కడి మామూలు ప్రజలు దొరకో రాజుకో వెట్టి చేయాల్సి వచ్చేది, ఎవరి మనిషో తెలిసేలా మణికట్టు మీద పచ్చబొట్టు ఉండేది. చైనీయులకు వెట్టి లేదు, బదులుగా పంతొమ్మిదో శతాబ్దంలో మూడేళ్ళకోసారి పన్ను కట్టేవాళ్ళు, కట్టినట్టు గుర్తుగా మణికట్టుకు దారం చుట్టి లక్క ముద్ర వేసేవారు. ఊరూరూ తిరిగే వీలు వీళ్ళకే ఉండటంతో వ్యాపారం వీళ్ళ చేతుల్లోకి వచ్చింది. చైనా తండ్రికీ సయామీ తల్లికీ పుట్టినవాడు అప్పటి చైనా మగవాళ్ళలా జడ వేసుకుని దారం కట్టించుకుంటే చైనీయుల లెక్క, పచ్చబొట్టు వేయించుకుంటే సయామీల లెక్క. ఇలాంటివాళ్ళను థాయి భాషలో ‘లూక్ చిన్’ అంటారు, చైనా బిడ్డలని. తెలుగులో ‘చైనా సంతతి థాయిలు’ అనండి. అయుత్థయ తగలబడ్డాక 1767లో రాజైన తాక్‌సిన్ తండ్రి దక్షిణ చైనాలోని తియోచ్యూ ప్రాంతపు చైనీయుడే, అలాగని తాక్‌సిన్‌ను ప్రవాసి అంటే ఏం బాగుంటుంది చెప్పండి.

ఇక దేశం పేరు. థాయ్‌లాండ్ అనే పేరు అధికారికంగా వచ్చింది 1939లో. అంతకు ముందు సంగతులకు సయాం అనండి, మొదటిసారి వచ్చినచోట ‘నేటి థాయ్‌లాండ్’ అని కలిపితే చాలు. థాయి అన్నది జాతి పేరు, భాష పేరు కాబట్టి ఏ కాలానికైనా ‘థాయి ప్రజలు’ అనడంలో తప్పులేదు.