గొంతులో పులిపిర్లు తీసినా మళ్లీ వస్తున్నాయి, ఎందుకు?

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు. ఏడాదిగా గొంతు బొంగురుగా ఉంటే జలుబనుకున్నాం, ఆస్తమా మందులు కూడా వాడాం. చివరికి స్కోప్ వేసి స్వరపేటికలో పాపిలోమా అన్నారు. రెండుసార్లు ఆపరేషన్ చేసినా మళ్లీ వచ్చింది. ఇది క్యాన్సరా? డాక్టర్ సరిగ్గా తీయలేదా?

జవాబు: అమ్మా, ఇది క్యాన్సర్ కాదు, ముందు ఆ భయం వదిలేయండి. క్యాన్సర్‌గా మారడం చాలా అరుదు, అయినా తీసిన ముక్కని బయాప్సీకి పంపారో లేదో ఒకసారి అడగండి. హెచ్‌పీవీ వైరస్‌లో 6, 11 అనే రకాల వల్ల వచ్చే పులిపిర్లు ఇవి, స్కోప్‌లో చూస్తే లేత గులాబీ రంగులో చిన్న ద్రాక్ష గుత్తుల్లా ఉంటాయి. ఎక్కువగా కాన్పు టైంలో తల్లి నుంచి బిడ్డకి చేరుతుంది, అలాగని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, ఏ లక్షణమూ లేకుండా ఈ వైరస్ ఎంతోమందిలో ఉంటుంది, మీకు తెలిసే దారే లేదు.

మళ్లీ ఎందుకొచ్చిందంటే, కనిపించే గడ్డని తీస్తాం గానీ పక్కన మామూలుగా కనిపించే పొరలో కూడా వైరస్ దాక్కుని ఉంటుంది. మరి ఇంకాస్త లోతుగా గీకేయొచ్చు కదా అని తల్లిదండ్రులు అడుగుతుంటారు, దయచేసి ఆ ఒత్తిడి పెట్టకండి. రెండు స్వరతంతువులూ ముందువైపు కలిసే మూల ఒకటి ఉంటుంది, అక్కడ రెండు పక్కలా ఒకేసారి గీకితే పుండు మానేటప్పుడు అవి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, పులిపిరి పోయినా గొంతు పాడవుతుంది. అందుకే అక్కడ కొంచెం కావాలనే వదిలేస్తాం. మైక్రోడిబ్రైడర్ (గడ్డని కొద్దికొద్దిగా కోసి పీల్చేసే పరికరం) అయినా లేజర్ అయినా లెక్క ఒకటే, ఊపిరి దారి తెరిచి ఉంచాలి, గొంతు కాపాడాలి.

ఏడాదిలో నాలుగుసార్లకి మించి ఆపరేషన్ అవసరమైతే బెవాసిజుమాబ్ (గడ్డకి కొత్త రక్తనాళాలు పెరగకుండా ఆపే మందు) లాంటి దాని గురించి అడగండి, ఆపరేషన్ల మధ్య గ్యాప్ పెంచడానికి అది చాలామందికి పనికొస్తోంది. చాలామంది పిల్లల్లో పెద్దయ్యేకొద్దీ ఇది నెమ్మదిస్తుంది కూడా.

ఇంట్లో మీరు చేయాల్సింది ఒకటుంది, వారానికోసారి బాబు చేత ప్రతిసారీ ఒకే మాట చెప్పించి ఫోన్‌లో రికార్డ్ చేయండి, రోజూ వినే చెవికి తేడా తెలియదు గానీ నెల కిందటి దానితో పోల్చి వింటే ఇట్టే తెలుస్తుంది. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు కూత వచ్చినా, డొక్కలు లోపలికి లాగుతున్నా, పెదాలు నీలంగా మారినా మాత్రం అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అర్ధరాత్రయినా సరే వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి గొంతులో పాపిలోమా ఉందని మొదటి మాటగా చెప్పండి.